ఎండిన గడ్డి కింద కొలను

విల్గా బెండ్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి. ఆ శనివారాలు నా దుకాణం ముందు జనం సీసాలు పట్టుకుని నిలబడతారు. సీసాల్లో వాళ్ళ పెరటి ఈతకొలనుల నీళ్ళుంటాయి. నేను వాటిలో చుక్కల మందు వేసి, ఏది తక్కువైందో ఏది ఎక్కువైందో చెప్పాలి. "నిన్ననే క్లోరిన్ వేశాను" అంటాడు ప్రతివాడూ. క్రిస్మస్ వెళ్ళినప్పట్నుంచీ అటు తొంగి చూడలేదని సీసా చూడగానే నాకు తెలిసిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ అబద్ధాల మీదే నా బతుకు సాగుతోంది కాబట్టి పెద్దగా కోప్పడను.

ఆ ఫిబ్రవరిలో గ్లెనిస్ టక్‌వెల్ సీసా లేకుండా వచ్చింది. వరసనంతా దాటుకుని ముందుకొచ్చి, బల్ల మీద బొటనవేలంత నీలం టైలు ముక్క పెట్టింది.

"ఇదేమిటో చెప్పు, లొరెయిన్."

"వరసలో నిలబడు, చెబుతాను."

"ఇరవై ఎనిమిదేళ్ళు వీళ్ళనీ, వీళ్ళ పిల్లల్నీ బస్సులో తిప్పాను. నా కోసం ఒక్క అయిదు నిమిషాలు నిలబడితే కాళ్ళేం అరిగిపోవు."

ఆమె బస్సులో పెరిగినవాళ్ళు మీసాలొచ్చినా ఆమె ముందు నోరెత్తరు.

గ్లెనిస్‌కి అప్పటికి అరవై మూడేళ్ళు. సాగునీటి కాలువ వెంట ఉన్న పొలాల నుంచి పన్నెండు మంది పిల్లల్ని పొద్దున్న బడికి తెచ్చి, సాయంత్రం ఇళ్ళ దగ్గర దింపుతుంది. భర్త రే ఒక చలికాలం చక్రాల మీద ఇల్లులాంటి కారవాన్ తోలుకుని ఉత్తరాదికి వెళ్ళి, అక్కడి ఎండ బాగుందని ఉండిపోయాడు. "కుక్కని నాకు వదిలేసి వెళ్ళాడు, అంత చెడ్డవాడేం కాదు" అంటుంది. ఆమె పుట్టింది గొర్రెల పొలం మీద. అక్కడున్న ఒక్క చెరువూ గొర్రెల కోసమే. పిల్లలు అటు వెళితే తల్లి బెల్టు తీసేది. అందువల్ల గ్లెనిస్‌కి ఈత రాలేదు. మా ఊళ్ళో అది పైకి చెప్పుకునే సంగతి కాదు. చదవడం రాదంటే జాలిపడతారు గానీ, ఈత రాదంటే మనిషిని ఎగాదిగా చూస్తారు.

దానికి తగ్గ శిక్ష జనవరిలో పడింది. ఎండ నలభై మూడు డిగ్రీలున్న రోజు బస్సు పిల్లల కుటుంబాలన్నీ కాలువ గట్టున భోజనాలు పెట్టుకున్నాయి. ఊరి ఈతకొలను పగుళ్ళిచ్చి రెండేళ్ళుగా మూసే ఉంది. ఇంకోటి కావాలంటే ఎనభై కిలోమీటర్లు పోవాలి. పిల్లలు గట్టున కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తుండగా ఏడేళ్ళ బ్రైడీ జారి కాలువలో పడింది. అందరికంటే దగ్గరగా ఉన్నది గ్లెనిస్. మధ్యలో నాలుగడుగుల దూరం. ఆమె గట్టు మీద నిలబడి కేకలు పెట్టింది, అంతకంటే ఏమీ చేయలేకపోయింది. కింద తూము దగ్గర పనిచేస్తున్న మనిషి దూకి, వంద గజాల అవతల పిల్లని జుట్టు పట్టి లాగాడు. ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచి ఇంటికి పంపారు. పిల్ల బతికింది.

"బ్రైడీ నీళ్ళలోంచి నన్నే చూసింది, లొరెయిన్" అంది గ్లెనిస్, సీసాల వాళ్ళందరూ వింటుండగా. "నేను చూస్తూ నిలబడ్డాను. డిసెంబరు ఇరవైన బడి మూసేస్తారు. ఆ మర్నాడు పిల్లలు మళ్ళీ కాలువకే పోతారు, ఎవరు ఆపుతారు? ఆలోగా నా పన్నెండు మందికీ ఈత రావాలి."

"రావాలి, సరే. మధ్యలో ఈ టైలు ముక్కేమిటి?"

"మా పెరట్లో దొరికింది."

పన్నెండేళ్ళ కిందట ఆ ఇల్లు కొన్నప్పటి నుంచీ ప్రతి వేసవిలో పెరటి నడుమ గడ్డి కొంత మేర మాడిపోయేదట. గడ్డినీ, కుక్కనీ, రేనీ వంతులవారీగా తిట్టుకుంటూ వచ్చింది. ఈసారి చూరు గొట్టాల్లో ఆకులు తీయడానికి కప్పెక్కి కిందికి చూస్తే, మాడిన గడ్డి అచ్చం జీడిపప్పు ఆకారంలో కనిపించింది. గడ్డి ఊరికే ఎండితే అంత నున్నగా వంపు తిరగదు. దిగొచ్చి గునపం వేస్తే జానెడు లోతులో ఠంగుమంది. ఆ వంపు వెంటే పొడుచుకుంటూ పోయి, మోగిన చోటల్లా గుడారం మేకులు దిగ్గొట్టింది.

మధ్యాహ్నం కొట్టు మూసి వెళ్ళి చూశాను. అలాంటి చిన్న నీలం టైళ్ళు డెబ్బైల్లో వాడేవాళ్ళు. అంచు చేత్తో పోసిన సిమెంటు. ఎనిమిది పెద్ద అంగలు వేస్తే ఒక కొస నుంచి ఇంకో కొసకి వచ్చాను. కొలనే, అనుమానం లేదు. కానీ అడుగు సంగతేమిటి? కొలనుని మట్టితో పూడ్చేటప్పుడు ముందు అడుగు పగలగొట్టాలి, లేకపోతే వాననీళ్ళు దిగే దారుండదు. అలా పగలగొట్టి ఉంటే ఆమె ఆశ అక్కడితో ఆఖరు.

"చలికాలంలో ఇక్కడెలా ఉంటుంది?" అనడిగాను.

"బురద. బూటు దిగబడుతుంది. కుక్క కూడా చుట్టూ తిరిగి పోతుంది."

"వాన వెలిశాక ఎన్నాళ్ళు?"

"వారాలు. పక్కనంతా ఆరినా ఇది ఆరదు. ఏం?"

"నీళ్ళు కిందికి దిగట్లేదంటే అడుగు పగల్లేదన్న మాట, గ్లెనిస్. నువ్వు పన్నెండేళ్ళుగా చెక్కుచెదరని కొలను మీద బట్టలారేస్తున్నావు."

ఎదురింట్లో ఉండే డెస్ క్రిమిన్స్‌ని అడిగితే తేలిపోతుందని రోడ్డు దాటాం. డెబ్బై తొమ్మిదేళ్ళ తాపీమేస్త్రీ. గ్లెనిస్ ఇల్లు ఒకప్పుడు అతనిదే. ఆ ఇల్లమ్ముకుని, ఊళ్ళో ఇంకెక్కడా ఇల్లు లేనట్టు దానికెదురుగానే ఇంకోటి కొనుక్కున్నాడు. భార్య యూనా వెదురుకర్ర పట్టుకుని ఊళ్ళో సగం మందికి ఈత నేర్పిందని విన్నాం గానీ, ఏట్లో నేర్పి ఉంటుందనుకున్నాం. ఆమె పోయి ముప్పై నాలుగేళ్ళో ఎంతో అయిందట, నేను ఈ ఊరొచ్చేసరికే లేదు.

డెస్ వరండాలో టీ తాగుతున్నాడు. టైలు ముక్క చూశాడు గానీ చేతిలోకి తీసుకోలేదు.

"అక్కడేం లేదు. సుత్తితో అడుగు పగలగొట్టి పూడ్చేశాను. ఊరి కౌన్సిల్ ఆఫీసులో నా సంతకంతో కాగితం కూడా ఉంటుంది, పోయి చూసుకోండి."

"మరి నీళ్ళెందుకు నిలుస్తున్నాయి?" అన్నాను.

"నన్నడుగుతావేం? నీళ్ళనడుగు."

"నేను తవ్వుతున్నాను, డెస్" అంది గ్లెనిస్.

"నీ పెరడు, నీ నడుం. విరగ్గొట్టుకో" అని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. టీ కప్పు వరండాలోనే మర్చిపోయాడు. నాకప్పుడే అనుమానం రావలసింది.

యంత్రం పెరట్లోకి పోదు, ఇంటి పక్కన సందు మరీ ఇరుకు. ఏప్రిల్ నుంచి గ్లెనిస్ పారతోనే తవ్వింది. పొద్దున్న బస్సు నిలిపొచ్చి ఆరు బండ్ల మట్టి, సాయంత్రం నిలిపొచ్చి ఇంకో ఆరు. ఒంటిచక్రం బండిని పలక మీదుగా పైకి తోసి, వెనక సందులో కుప్ప పోసేది. బస్సులో ఒక చీటీ అంటించింది: "ఈ బస్సెక్కే ప్రతి పిల్లకీ వారానికొక ట్రక్కు మట్టి. తల్లిదండ్రులు వచ్చి పట్టుకెళ్ళవలెను." మా రైతులకి చీటీలంటే చిరాకు, ఆ చీటీకి మాత్రం కిక్కురుమనకుండా వచ్చారు. మట్టిలోంచి సీసా మూతలు, ఒక సైకిలు హ్యాండిలు, పాచిపట్టిన టెన్నిసు బంతులు బయటపడ్డాయి. లోతు తక్కువున్న వైపు అడుగు మే నెలలో తేలింది. పగుళ్ళు లేవు. గ్లెనిస్ దాన్ని చీపురుతో ఊడ్చి, చెప్పులు విడిచి దాని మీద అటూ ఇటూ నడిచింది.

డెస్ రోడ్డు దాటి రాలేదు. అతని కుర్చీ మాత్రం వరండాలో రోజుకి కాస్త ఈ చివరికి జరుగుతూ వచ్చింది.

సెప్టెంబరుకి లోతువైపు మూలలో నడుమెత్తు మట్టి మిగిలింది. ఆ వారంలోనే వాన పట్టుకుంది. ఏట్లో నీటిమట్టం పెరిగిందని రేడియోలో చెప్పారు. మా ఊరు ఏటి ఇసక మీద ఉంది. ఏరు పెరిగితే నేల కింద నీళ్ళూ పెరుగుతాయి. ఖాళీ కొలనుని ఆ నీళ్ళు కిందనుంచి తోస్తాయి, సిమెంటు తొట్టి మొత్తం పడవలా పైకి లేస్తుంది. అలా లేచి ముక్కలైనవి నేను నాలుగు చూశాను. వానొస్తే తవ్వడం ఆపి నీళ్ళు నింపమని చెప్పే ఉంచాను. కానీ గ్లెనిస్ కరువు కాలంలో పెరిగిన మనిషి. ఊడ్చి శుభ్రం చేసుకున్న అడుగు మీద బురదనీళ్ళు పడనిస్తుందా? కొలనంతటికీ టార్పాలిన్ కప్పింది, పక్కన కారిన నీళ్ళని పంపు పెట్టి మరీ తోడిపోసింది. అయిదు నెలల కష్టాన్ని పొడిగా కాపాడుకుంటున్నాననుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. "లొరెయిన్, కొలను అంచు పక్కనున్న గచ్చు కంటే వేలెడు పైకి లేచింది. పొద్దున్న సమంగానే ఉంది."

నేను కొట్టు తాళం కూడా వేయకుండా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి డెస్ పెరటి గేటు దగ్గరున్నాడు. ఒంటి మీద రెయిన్‌కోటు లేదు, పైజామా మీదే వచ్చేశాడు.

"ఆ పంపు ఆపు, తెలివితక్కువదానా!" అని అరుస్తున్నాడు. "టార్పాలిన్ లాగెయ్! వాననీ, ఏటినీ, దేవుణ్ణీ, అందర్నీ లోపలికి రానీ!"

గ్లెనిస్ పంపు ఆపింది. ఇద్దరం టార్పాలిన్ లాగాం. తలెత్తేసరికి డెస్ పలక మీదుగా కొలనులోకి దిగిపోయి, మూలనున్న మట్టిని చేతులతో తోడుతున్నాడు.

"పైకి రా, పడి చస్తావు!" అంది గ్లెనిస్.

"పార ఇవ్వు! గోడ నుంచి మూడు మూరలు, ఇక్కడే ఉండాలి."

"ఏముండాలి?"

"బిరడా! అడుక్కి ఇత్తడి బిరడా పెట్టాను. అది తీస్తే కింద నీళ్ళు లోపలికొస్తాయి, తొట్టి కుదుటపడుతుంది. కబుర్లు కాదు, తవ్వు!"

ముగ్గురం తవ్వాం. కాళ్ళ కింద ఎక్కడో సిమెంటు కిర్రుమంది. మట్టి అడుగున సాసరంత ఇత్తడి బిరడా తేలింది. డెస్ పైజామా జేబులోంచి పానా తీశాడు. ఇంకే పనికీ పనికిరాని వంకర పానా, ఆ బిరడా కోసమే చేయించింది. తుప్పు లేదు, నూనె రాసి ఉంది. గ్లెనిస్ దాన్ని చూసింది, తర్వాత అతన్ని చూసింది. ఇద్దరూ కలిసి తిప్పారు. మూడో పట్టుకి బిరడా ఊడింది. నీళ్ళు మోకాలెత్తున ఎగిరి ముగ్గురి మొహాలూ తడిపాయి.

నీళ్ళు నిండుతుంటే మెట్ల మీద కూర్చుని అంచునే చూశాం. సాయంత్రానికి అది మళ్ళీ గచ్చుతో సమంగా దిగింది.

"సుత్తితో పగలగొట్టానన్నావు" అంది గ్లెనిస్.

డెస్ పానాని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "యూనా పోయాక కూడా శనివారం వచ్చిందంటే పిల్లలు తువ్వాళ్ళు భుజానేసుకుని గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె లేదని వాళ్ళకీ తెలుసు. అయినా వచ్చేవాళ్ళు. నేనేం చెప్పను? అందుకే మట్టి పోయించాను. అడుగు మాత్రం... సుత్తి ఎత్తాను. మూడుసార్లు ఎత్తాను. దించలేకపోయాను. కాగితం మీద సంతకం పెట్టేశాను."

"ముప్పై నాలుగేళ్ళు అబద్ధమాడావా, ముసలోడా?"

"ముప్పై అయిదు" అన్నాడు. తర్వాత ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. గ్లెనిస్ మాత్రం, "ఏడుపు తర్వాత. యూనా కర్ర ఉందా పారేశావా?" అనడిగింది.

ఉంది. గ్యారేజీలో దూలం మీద పడుకోబెట్టి ఉంచాడు.

ఏరు తగ్గాక మిగిలిన మట్టి తీసి, బిరడా మళ్ళీ బిగించాం. అక్టోబరంతా శుభ్రం చేయడంతోనే సరిపోయింది. గ్లెనిస్ శనివారం వరసలో అందరిలాగే సీసా పట్టుకుని నిలబడేది, దాటుకు రావడం మానేసింది. మొదటి సీసా టీ డికాక్షన్‌లా ఉంది. మూడోది పచ్చగా ఉంది, అందులో తోకకప్ప కూడా ఉంది. "ఇది పరీక్షకి తెచ్చావా, పెంచుకోమని ఇచ్చావా?" అన్నాను. అన్ని తోకకప్పల్నీ బకెట్లతో ఏట్లో వదిలేదాకా క్లోరిన్ వేయడానికి వీల్లేదని బస్సు పిల్లలు తీర్మానించారట. డెస్ ఊడిన టైళ్ళు అతికించాడు. కౌన్సిల్ నుంచి వచ్చిన అమ్మాయి కంచె ఎత్తు కొలిచి బాగుందంది. చిన్నపిల్లలు ఒంటరిగా లోపలికి పోకుండా గేటు తనంతట తాను మూసుకోవాలట; అది మూసుకోవడం లేదని మొదటిసారి అనుమతి ఇవ్వలేదు. గ్లెనిస్ ఆ అమ్మాయిని కూడా చిన్నప్పుడు బస్సులో తిప్పింది. అయినా ఒప్పుకోలేదు. "అంత గట్టిగా ఉండాల్సిందే" అని గ్లెనిస్ మెచ్చుకుని, ఆ సాయంత్రమే గేటు స్ప్రింగు మార్చింది.

నవంబరు నుంచి బస్సు రోజూ గ్లెనిస్ ఇంటి ముందు గంటసేపు ఆగి, ఆ తర్వాతే పొలాలకి వెళ్ళేది. డెస్ ఒడ్డున నిలబడి పొడుగాటి వెదురుకర్ర పిల్లల ముందు పట్టుకుని నడిచేవాడు. అందీ అందకుండా పట్టుకోవడం యూనా పద్ధతి. మునుగుతున్నవాళ్ళకి అందుతుంది, బద్ధకించేవాళ్ళకి అందదు. పిల్లలు దిగేముందు డ్రైవరు దిగాలని డెస్ మొదటి రోజే షరతు పెట్టాడు. గ్లెనిస్ నావీ బ్లూ ఈతదుస్తుల్లో, మొహం గంటు పెట్టుకుని, మెడలోతు దాకా వెళ్ళి నేర్చుకుంది. అంతకంటే లోతుకి వెళ్ళలేదు.

డిసెంబరు పదిహేడో తేదీకి పదకొండు మంది ఈ కొస నుంచి ఆ కొసకి ఈదారు. బడి మూయడానికి ఇక మూడు రోజులే ఉన్నాయి. బ్రైడీ నెలన్నరగా రోజూ వచ్చి, తువ్వాలు కప్పుకుని, పై మెట్టు మీద కూర్చునేది. బూట్లు కూడా విప్పేది కాదు. యూనా ఎవర్నీ బలవంతంగా దించలేదని డెస్ ఆ పిల్ల జోలికి పోలేదు.

ఆ రోజు గ్లెనిస్ తడిబట్టలతోనే పక్కన కూర్చుంది. నేను క్లోరిన్ డబ్బాలు దింపుతున్నాను.

"భయమా?"

"ఊఁ."

"నాకూ భయమే. లోతువైపు అసలు చూడను."

"మీరు పెద్దవాళ్ళు కదా, మిసెస్ టి."

"అయితే?"

"ఆ రోజు మీరు రాలేదుగా."

నిందించినట్టు కూడా అనలేదు. బస్సు ఒక పూట రాలేదన్నట్టు మామూలుగా అంది. డెస్ కర్ర దించేశాడు. పిల్లలందరూ ఆట ఆపేశారు.

"రాలేదు" అంది గ్లెనిస్. "నాకు ఈత రాదు, అందుకని రాలేదు. ముందే నేర్చుకుని ఉండాల్సింది. తప్పు నాదే, బ్రైడీ."

లేచి లోతువైపు కొసకి నడిచింది. అంచు మీద కాలివేళ్ళు బిగించి నిలబడింది.

"టక్‌వెల్, నువ్వింకా మెడలోతు దాటలేదు" అన్నాడు డెస్.

"కర్ర పట్టుకో. నోరు మూసుకో."

దూకిందనడానికి లేదు, పడిందనాలి. నీళ్ళు మీదికి మూసుకున్నాయి. నేను లెక్కపెట్టాను: ఒకటి, రెండు, మూడు. బిరడా ఉన్న చోటి దాకా మునిగి, దగ్గుతూ పైకి తేలింది. డెస్ కర్ర ముందుకు పెట్టాడు. ఆమె దాన్ని చూసింది, పట్టుకోలేదు. చేతులు అడ్డదిడ్డంగా కొట్టుకుంటూ, కాళ్ళతో పెరడంతా తడిపేస్తూ ముందుకొచ్చింది. సగం దూరంలో ఒకసారి మొహం మునిగింది. బ్రైడీ లేచి నిలబడింది. గ్లెనిస్ మళ్ళీ తేలింది. డెస్ కర్రని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. అలాంటి వికారమైన ఈత నేను జన్మలో చూడలేదు, అంత ఆనందంగానూ ఇంకే ఈతనీ చూడలేదు.

మెట్ల దగ్గరికొచ్చి, నిలబడి, ముక్కులోంచి నీళ్ళు చీదింది. బయటికి రాలేదు. వెనక్కి నాలుగడుగులు వేసి, మెడలోతులో నిలబడి, రెండు చేతులూ చాచింది.

"చూడు బ్రైడీ. ఈసారి నేను గట్టు మీద లేను."

బ్రైడీ మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టింది. ఎడమ బూటుకి ముడి పడింది. ఊడేదాకా గ్లెనిస్ చేతులు చాచుకునే నిలబడింది.